మోతీ గేటుకు కట్టిన వేపాకు

మకాం: చెలిమెవాగు, టేకులపల్లి మండలం, ఖమ్మం జిల్లా
తేదీ: 19 నవంబరు 2007

మహారాజశ్రీ సంచాలకులు గారి సముఖమునకు,
చెలిమెవాగు వానర శరణాలయ పర్యవేక్షక కార్యాలయం, ఖమ్మం.

విషయం: చింపాంజీ మోతీని లారీ ఎక్కించి పంపవలెనన్న ఉత్తర్వును రద్దు చేయుట, అందుకు బదులు ఆమె రక్తము తీసి పరీక్షించుట, చింపాంజీ గులాబికి తోడు మందు కలిపిన టీకా వేయుట, గోరిని తిరిగి పనిలోకి తీసుకొనుట, ఇంకను గేటు తాళంచెవి గురించి.

అయ్యా,

చెలిమెవాగు శరణాలయంలో కాపలా, వంట అను రెండు పనులు ఒక్క మనిషిగా చేయుచున్న స్తెఫను అను నేను తమ సముఖమునకు తెలియజేయునది ఏమనగా, తమ మెమో అందినది. చదివితిని. నా భార్య ఇన్నమ్మకు చదివి వినిపించితిని. ఇక్కడ ఊడ్పు పని చేయు గోరికి వినిపించితిని. మోతీకి మాత్రము వినిపించలేదు.

సదరు మెమోలో, మూఢనమ్మకముతో కార్యాలయపు పనికి అడ్డుపడినందుకు నన్ను క్షమాపణ పత్రము రాసి పంపమని ఉన్నది. ఇది ఆ పత్రము కాదు. ఈ దిగువ కనబరచిన సంగతులు తమరు వరుసగా చదువుకొనవలెను. ఇకపై మామూలు తెలుగులో రాస్తాను. ఈ కచేరీ భాషలో నాకు కోపం సరిగా రావడం లేదు.

1. తమ మెమో పొడుగునా "సి-2 జంతువు" అని ఉంది. సి-2 అన్నది ఇనుప తలుపు మీద పెయింటరు రాసిన అక్షరం. ఆ తలుపు వెనక ఉన్నది మోతీ. ఖమ్మంలో గుడారం వేసి, ఆట సాగక, చెప్పాపెట్టకుండా వెళ్లిపోయిన సర్కస్ వాళ్లు పెట్టిన పేరు అది. వాళ్లు వదిలేసి పోయిన మూడు చింపాంజీలే హీరా, మోతీ, గులాబి. వాటి కోసమే ఈ శరణాలయం కట్టారు. చింపాంజీ అంటే కోతి కాదు, దానికి తోక ఉండదు, అది మనిషికి దగ్గరి చుట్టం అని ప్రారంభోత్సవం నాడు తమరే మైకులో చెప్పారు. మేమందరం చప్పట్లు కొట్టాం.

ఖాకీ బట్ట కనబడితే సెల్యూట్ చేయడం మోతీకి సర్కస్‌లో నేర్పారు. తనిఖీకి వచ్చిన రోజు తమరు ఖాకీ వేసుకోకపోయినా సెల్యూట్ చేసింది. తమరు అటూ ఇటూ చూసి తిరిగి సెల్యూట్ చేశారు. నేను నీళ్ల తొట్టి వెనక ఉన్నాను. సెల్యూట్ ఇచ్చిపుచ్చుకున్న ప్రాణిని సి-2 అని రాయడం మర్యాద కాదని మనవి.

2. హీరా ఎలా పోయాడో మెమోలో లేదు కాబట్టి నేను రాస్తున్నాను. నిరుడు కార్తీకంలో వనభోజనాలకని కార్యాలయం వారి కుటుంబాలు జీపుల్లో వచ్చాయి. జలుబుతో దగ్గుతున్న ఒక పెద్దమనిషి కమ్మీల దాకా వెళ్లి హీరాకు తన చేత్తో అరటిపండు తినిపించాడు. వద్దన్నాను. "ఏం కాదులేవయ్యా, ముచ్చటగా తింటుంటే నీకేం నొప్పి" అన్నాడు. మనకు వచ్చే దగ్గు వాటికీ అంటుకుంటుంది. మనకది కషాయంతో పోతుంది. వాటికి ప్రాణం మీదికి వస్తుంది.

హీరా ఊపిరాడక నా తొడ మీద తల పెట్టుకుని పోయాడు. వాగు ఒడ్డున ఇప్పచెట్టు కింద పూడ్చాం. నేను సిలువ గుర్తు వేశాను, గోరి పసుపు చల్లింది. ఎవరి దేవుడు తీసుకున్నా మాకు అభ్యంతరం లేదనుకున్నాం. నేను ఏడ్చాను. అర్జీలో ఇలాంటివి రాయకూడదని తెలుసు. తెలిసే రాశాను.

3. హీరా పోయాక తమరు మిగిలిన ఇద్దరికీ ఆ దగ్గు జబ్బు రాకుండా టీకా వేయించారు. కాదనను. కొన్నాళ్లకు రక్తం తీసి చూస్తే, టీకా వేసిన ఆనవాలే ఒంట్లో లేదన్నారు. అప్పుడే పశువుల డాక్టరు హేమలత మేడం ఇంకో మార్గం తెచ్చారు. టీకా మందులో మరో మందు కలిపి వేయడం. తమ కాగితాల్లో దాన్ని "అనుబంధ ద్రవ్యము" అంటారు. మేము తోడు మందు అంటాం. అదేం చేస్తుందని అడిగితే మేడం విసుక్కోకుండా చెప్పారు.

"స్తెఫనన్నా, టీకా ఒక్కటే పోతే వీళ్ల ఒళ్లు దాన్ని లెక్కజేస్తలేదు. ఎవరో వచ్చి అరుగు మీద కూసోని పోయినట్టే. గీ తోడు మందు తలుపు దబదబ బాదుతది. ఒళ్లు లేస్తది, 'ఎవడ్రా' అనుకుంట కట్టె వట్టుకొని వస్తది. వచ్చినోని మొఖం గుర్తువెట్టుకుంటది. రేపు అసలు జబ్బు వచ్చిందనుకో, గడప కాణ్ణే ఆపుతది."

మోతీకి తోడు మందుతో, గులాబికి తోడు మందు లేకుండా మళ్లీ టీకా వేసి, ఇద్దరి రక్తమూ పోల్చి చూడాలని ఏర్పాటు. మోతీ ఒంట్లో టీకా పట్టిందని తేలితే గులాబికీ తోడు మందే వేయాలి. ఇది మంచి ఏర్పాటు. ఇందులో నాకు ఏ పేచీ లేదు. శ్రావణంలో మేడమే సూదులు వేసి, కాన్పుకని తల్లిగారింటికి వెళ్లారు.

4. సూది వేసిన మర్నాటికి మోతీ భుజం పొంగింది. ఒళ్లు కాలిపోయింది. సూది గుచ్చిన చోటు చుట్టూ ఎర్రగా పొక్కులు లేచాయి. తిండి ముట్టలేదు. నేను ఖాకీ చొక్కా తొడుక్కుని ఎదురుగా నిలబడ్డాను. సెల్యూట్ చేయలేదు. మళ్లీ హీరా సంగతే అవుతుందేమో అనుకున్నాను.

గోరి పక్క తండా మనిషి. మోతీ భుజం చూసి చీపురు కింద పెట్టి దండం పెట్టింది.

"సీత్లా యాడి వచ్చింది అన్నా" అంది. యాడి అంటే వాళ్ల మాటలో అమ్మ. మనం అమ్మవారు పోసిందంటామే, అదే.

"సూది మందు వేడి చేసిందేమో గోరీ" అన్నాను.

"సూది ఎవరన్న ఏస్తరు. పొక్కులు అమ్మే ఏస్తది" అంది.

ఆ తరువాత ఏం జరగాలో ఇక్కడ ఎవరికీ చెప్పనక్కర్లేదు. తల్లాడ నుంచి భద్రాచలం దాకా ఏ ఇంట అడిగినా ఒకటే చెబుతారు. గుమ్మానికి వేపాకు కట్టాలి. ఇంట్లో పోపు వేయకూడదు. బయటివాళ్లను రానివ్వకూడదు. వేపాకు, పసుపు వేసిన నీళ్లు పోసేదాకా ఒంటికి సూది తగలనివ్వకూడదు. గోరి మోతీ గేటు కమ్మీలకు వేపాకు కట్టింది. మా ఇంట్లో మరియమ్మ పటం ఉంది, ఆదివారం పూజ మానం. అయినా ఇన్నమ్మ ఆ పూటే మా చారులో కూడా పోపు ఆపేసింది. "మోతీకి వచ్చింది మనింట్లో కాదు కదా" అన్నాను. "వాసన గోడలు దాటదా ఏంది? నువ్వు చప్పటి చారు తింటే సస్తవా?" అని నా నోరు మూయించింది. మోతీకి చప్పటి మజ్జిగన్నం పెట్టాం. ఆమె మాత్రం కమ్మీలోంచి వేపరెబ్బ లాగి నమిలి, మొహం వికారంగా పెట్టి, మళ్లీ ఇంకో రెబ్బ లాగింది.

5. రక్తం తీయడానికి కార్యాలయం నుంచి రాజేష్ సార్ వచ్చారు. అప్పటికి జ్వరం తగ్గింది గాని నీళ్లు పోయలేదు. గేటుకు వేపాకు, గేటుకు అడ్డంగా గోరి.

"జరుగమ్మా, జల్దీ రక్తం తీసుకొని పోవాలె."

"అమ్మ ఉన్నది సార్. సూది ముట్టనియ్య. నీళ్లు పోసినంక రా."

"కోతికి అమ్మేంది?"

"నీకు చిన్నప్పుడు పొయ్యలేదా? గప్పుడు మీ అమ్మ నీకు సూది ఏపిచ్చిందా?"

రాజేష్ సార్ బుగ్గల మీద మచ్చలున్నాయి. ఆయన చెయ్యి దానంతటదే బుగ్గ మీదికి పోయింది. ఇన్నమ్మ కూడా జపమాలతో వచ్చి గోరి పక్కన కూర్చుంది. నేను తాళం తీయలేదు. ఆయన జీపెక్కి వెళ్లిపోయారు. మేము నీళ్లు పోశాం. మోతీ ఆ చెంబు లాక్కుని మిగిలిన పసుపు నీళ్లు గోరి మీద పోసింది. రమ్మని కబురు పెట్టాం. రాజేష్ సార్ మళ్లీ రాలేదు.

6. రక్తం తీయకుండానే రిపోర్టు తయారైంది. "సి-2 జంతువులో ప్రతిస్పందన కనబడలేదు, అనుబంధ ద్రవ్యము నిష్ప్రయోజనము." అయ్యా, చూడనిది ఎలా కనబడుతుంది? బస్సు దిగకుండా వెనక్కి తిరిగిపోయి, ఆ ఊళ్లో మనుషులే లేరని రాసినట్టుంది. రిపోర్టు మీద తమరు సంతకం పెట్టారు. ఒక్క చుక్క రక్తం కూడా లేని రిపోర్టును రక్తపరీక్ష రిపోర్టు అనవచ్చునా అని అడుగుతున్నాను. జవాబు కావాలి.

7. దసరా పోయాక ఈ అడవి పల్లెలన్నీ దగ్గాయి. గోరి తండా దగ్గింది. నేను దగ్గాను, ఇన్నమ్మ దగ్గింది. మూతికి గుడ్డ కట్టుకుని, దూరం నుంచి కర్రతో పళ్లెం నెట్టి తిండి పెట్టాం. అయినా గులాబికి అంటుకుంది. పక్కటెముకలు ఎగసిపడ్డాయి, పెదవులు నల్లబడ్డాయి. హీరాను చూసిన కళ్లతోనే గులాబిని చూడాల్సి వచ్చింది. బతికింది గాని ఇంకా చెట్టుకొమ్మ ఎక్కలేకపోతోంది. ఆకు రాలినా ఉలిక్కిపడుతోంది.

ఆ రోజులన్నీ మోతీ పక్క గదిలోనే ఉంది. ఇద్దరి మధ్య కమ్మీలే. గులాబి సగం కొరికి వదిలిన జామపండు లాక్కుని తింది. కమ్మీలోంచి చెయ్యి పెట్టి ఆమె వీపు దువ్వింది. మొహం మీద మొహం పెట్టి పడుకుంది. ఒక్కసారి దగ్గలేదు.

ఇది పరీక్ష కాదని నాకు తెలుసు. మోతీ అదృష్టం కూడా కావచ్చు. అందుకే నేను ఏదీ తేల్చి చెప్పడం లేదు. రక్తం తీసి చూడమంటున్నాను. చూడమని అడిగేవాడిది మూఢనమ్మకమో, చూడకుండా రాసినవారిది మూఢనమ్మకమో తమరే నిర్ణయించాలి.

8. మెమో వచ్చాక టేకులపల్లి వెళ్లి ఎస్‌టీడీ బూత్ నుంచి హేమలత మేడంకు ఫోన్ చేశాను. వెనక పసిబిడ్డ ఏడుస్తోంది.

"వాపొచ్చిందా అన్నా?"

"వచ్చింది మేడం."

"జరం?"

"కాలిపోయింది. పొక్కులు గూడ లేచినయ్. గోరి వేపాకు కట్టింది."

మేడం నవ్వారు. నవ్వి ఆగిపోయారు. "తప్పు నాది గూడ ఉన్నదన్నా. నేను తండాల పుట్టినదాన్నే. పొక్కులు చూస్తే గోరి ఏం జేస్తదో నాకు ముందే తట్టాలె. వాపు, జరం వస్తయి, భయం లేదు, మందు పని మొదలువెట్టిందని గుర్తు అని మీటింగుల చెప్పిన. మీకు ఎవరు చెప్పలేదా?"

చెప్పలేదు. ఆ మీటింగు ఖమ్మంలో కాదు, మా శరణాలయం గదిలోనే జరిగింది. గోరి లోపలికి టీ పట్టుకెళ్లి ఇచ్చింది. ఇచ్చి బయటికి రాగానే తలుపు వేశారు. వాపు వస్తుందన్న ఆ ఒక్క మాట తలుపు తీసి చెప్పి ఉంటే గేటుకు వేపాకు ఎక్కేది కాదు. గోరి పొరబడింది, నిజం. ఇన్నమ్మా పొరబడింది, నేనూ అడ్డు చెప్పలేదు. ముగ్గురమూ పొరబడ్డది మోతీ బతకాలని. కార్యాలయం ఎందుకు పొరబడిందో మెమోలో రాయలేదు.

ఇప్పుడు తీసినా రక్తంలో తెలుస్తుందని మేడం చెప్పారు. "జల్దీ తీపియ్యి అన్నా. పట్టిందని తేలితే గులాబికి జర కోలుకోంగనే తోడు మందుతోని ఏపియ్యాలె" అన్నారు. బిడ్డ కాస్త కుదురుగా నిద్రపోవడం మొదలుపెడితే తానే వస్తానన్నారు. ఆ బిడ్డ ఎప్పుడు నిద్రపోతుందో నాకు తెలియదు. అంతవరకు ఇంకెవరినైనా పంపే అధికారం తమకు ఉంది.

9. "ప్రయోగమునకు పనికిరాని" మోతీని పట్నం శివారులోని ఒక వినోదాల పార్కుకు పంపమని ఉత్తర్వు. ఆ పార్కు సంగతి విచారించాను. టిక్కెట్టు కొన్నవాళ్లందరితో చింపాంజీ చెయ్యి కలుపుతుంది, బుగ్గకు బుగ్గ ఆనించి ఫొటో దిగుతుంది. హీరాను ఒక్క వనభోజనం చంపింది. అక్కడ రోజూ వనభోజనమే. ఒంట్లో కాపలా ఉందో లేదో చూడకుండా ఒక ప్రాణిని దగ్గేవాళ్ల మధ్యకు పంపడాన్ని తమ భాషలో ఏమంటారో నాకు తెలియదు. మా భాషలో ఉన్న మాట అర్జీలో రాయదగ్గది కాదు.

పైగా ఇక్కడ గులాబి ఒక్కతే మిగులుతుంది. మొన్న మోతీని కడగడానికి అవతలికి తీసుకుపోతేనే, తిరిగి వచ్చేదాకా కమ్మీలు పట్టుకుని నిలబడింది. ఇది కూడా పరీక్ష కాదు. చూసి చెబుతున్నాను.

10. గోరిని పనిలోంచి తీసేసినట్టు మెమోలో ఉంది. ఆ సంగతి ఆమెకు చెప్పాను. "అవ్, ఇన్న" అని చీపురు అందుకుంది. తెల్లారి మామూలుగానే వచ్చింది. తీసేసిన మనిషి రోజూ పనికి వస్తోందని తమకు తెలియజేయడం నా విధి కాబట్టి తెలియజేస్తున్నాను. ఆమెను ఆపడం నా విధుల్లో లేదు.

11. కనుక తమరు చేయవలసినది: మోతీ రక్తం తీయించాలి. టీకా పట్టిందని తేలితే గులాబికి తోడు మందుతో వేయించాలి. పట్టలేదని తేలితే, అది రాతపూర్వకంగా, రక్తం సాక్షిగా రాయించాలి. అప్పుడు నేను తమ క్షమాపణ పత్రం రాస్తాను, గోరి వేలిముద్ర వేస్తుంది. అయినా మోతీని పార్కుకు పంపనివ్వం, అది వేరే సంగతి. ఇకపై సూదులు వేసే ముందు ఏం జరుగుతుందో కాపలావాళ్లకు చెప్పాలి. మేము టీ కూడా తాగుతాం, తలుపు తీసే ఉంచవచ్చు.

12. గేటు తాళంచెవి నా మెడలో సిలువతో పాటు ఉంది. సూదికి గేటు తీస్తాను. లారీకి తీయను. నన్ను తీసేసినా ఇదే. నన్ను తీసేస్తే గోరిలాగే నేనూ తెల్లారి వస్తాను.

పై సంగతులు తమ దయాదాక్షిణ్యాల కోసం రాసినవి కావు, తమ కళ్లతో చూడడం కోసం రాసినవి. రక్తం తీసే మనిషిని పంపి, ఆ తరువాతనే కోపగించుకొనవలెనని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
గేటు విషయంలో తప్ప,
స్తెఫను

తా.క.: ఈ అర్జీ మడతపెట్టేలోగా తమరు పంపిన లారీ వచ్చింది. డ్రైవరు సమ్మయ్యది వేంసూరు, మన జిల్లానే. దిగి రెండడుగులు వేసి ఆగిపోయాడు. గేటుకు పచ్చటి వేపాకు ఉంది. లారీ చప్పుడు దూరాన వినబడగానే గోరి కోసుకొచ్చి కట్టింది. మోతీకి ఇప్పుడు జ్వరమూ లేదు, పొక్కులూ లేవు. ఆ సంగతి గోరికి తెలుసు, నాకూ తెలుసు, ఇప్పుడు తమకూ తెలుసు.

సమ్మయ్య చెప్పులు విప్పి దూరంగా నిలబడ్డాడు. "అమ్మ ఉన్నదా?" అని అడిగాడు. గోరి ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు. ఆయన ఖాకీ చొక్కా చూసి మోతీ నిటారుగా నిలబడి సెల్యూట్ చేసింది. సమ్మయ్య రెండు చేతులూ జోడించి దండం పెట్టి, "నేను తోలుకపోను, నాకు పిల్లలున్నరు" అని లారీ వెనక్కి తిప్పాడు. ఈ అర్జీ ఆయన చేతికే ఇస్తున్నాను. తమరు పంపిన లారీలో చెలిమెవాగు నుంచి తమకు చేరేది ఇదొక్కటే.

ఆకు వాడితే కొత్తది కడతాం. చివరి మాట గోరిది. నన్ను రాయమంటోంది, రాస్తున్నాను: "సార్, సూది తెస్తే ఆకు నేనే ఇప్పుత. మోతీ చెయ్యి నేనే వట్టుకుంట. గులాబిది గూడ."